మూసీ ఒడ్డున ఒక పూట

ఫజ్ర్ నమాజు ముగించుకొని మోత్కూర్ బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కిన మేము మొత్తం పదకొండుగురము. మూడు కుటుంబాలు, వాటిలో ఐదుగురు పిల్లలు, డెబ్బయ్యేళ్లు దాటిన ఒక దాదీ. హైదరాబాదుకు మేము కొత్తవారము కాము. ఆస్పత్రి పనికో, పెండ్లి బట్టలకో, పిల్లల చదువుకో ఎన్నోసార్లు వెళ్లినవారమే. పని ముగియగానే తిరుగు బస్సు ఎక్కడమే తప్ప ఆ నగరాన్ని నిలబడి చూసిన సందర్భం లేదు.

ఈసారి ప్రయాణానికి కారణం పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. వలిగొండ వైపు బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు మూసీ కత్వ దగ్గర తెల్లని నురగ కుప్పలు కుప్పలుగా తేలడం చూసింది. "అబ్బా, ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వీటిని ఇలా ఎవరు చేశారు?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పాము. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుండి ప్రవహించి, మన జిల్లాల మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుందని చెప్పాము. రెండో ప్రశ్నకు నోట మాట రాలేదు. భూమిపై సంచరించి పూర్వీకుల గాథలను పరిశీలించమని దివ్యఖురాన్ పదే పదే బోధిస్తుంది కదా, ఆ నది ఒడ్డుననే ఒక పూట నడుద్దామని నిశ్చయించుకున్నాము. పాతబస్తీ చరిత్ర ఎరిగిన ఒక మార్గదర్శిని ముందుగానే మాట్లాడుకున్నాము. ఆయన స్కూలు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి.

పురానాపూల్: మల్కిభరాముని వంతెన

ఎండ ముదరకముందే పురానాపూల్ చేరుకున్నాము. 22 కమాన్లతో నిలిచిన ఈ రాతి వంతెనను 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాహ్ నిర్మింపజేశారు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాదు నగరమే లేదు. నగరం 1591లో వెలసింది. అంటే ఊరికన్నా ముందే వంతెన పుట్టింది. నేడు దీనిమీద వాహనాలు తిరగవు. టమాటాలు, ఆకుకూరలు, పచ్చిమిర్చి రాశులు పోసుకొని కూరగాయలవాళ్లు కూర్చుంటారు. వాహనాల కోసం పక్కనే కొత్త వంతెన ఉంది.

పిల్లల్లో ఒకడు వెంటనే, "రాకుమారుడు భాగమతి కోసం నదిని ఈదాడని, అందుకే తండ్రి వంతెన కట్టించాడని విన్నాము, నిజమేనా?" అన్నాడు. మాస్టారు నవ్వి, "బేటా, కథ అందంగానే ఉంది. కాని 1578 నాటికి ఆ రాకుమారుడికి పదమూడేళ్లకు మించి ఉండవు. లెక్క నువ్వే చూసుకో" అన్నారు. గోల్కొండ నుండి తూర్పున మచిలీపట్నం రేవు దాకా సాగిన వర్తక మార్గానికి ఈ నదిని దాటడం అవసరమని ఆయన వివరించారు. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ వంతెనను చూసి, పారిస్ నగరపు ప్రసిద్ధ వంతెనతో పోల్చాడట.

ఇబ్రహీం కుతుబ్‌షాహ్ పేరు వినగానే తెలుగు చదువుకున్నవారికి మల్కిభరాముడు గుర్తుకు రావాలి. తెలుగు కవులు ఆయనను ప్రేమతో అలా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన అచ్చ తెలుగు కావ్యమైన 'యయాతి చరిత్ర'ను అంకితం చేశారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే మన పిల్లలు తమ రెండు భాషల్లో ఏది తమదని ఒక్కోసారి తికమక పడుతుంటారు. ఈ వంతెన మీద నిలబడినప్పుడు రెండూ తమవేనని వారికి చెప్పడం మాకు తేలికైంది.

వంతెనకు సమీపంలోనే కుతుబ్‌షాహీ కాలపు మియాఁ మిష్క్ మసీదు ఉంది. అబిసీనియా నుండి బానిసగా వచ్చి, గోల్కొండ కొలువులో సేనానాయకుడి స్థాయికి ఎదిగిన వ్యక్తి దానిని కట్టించాడు. నల్లజాతీయుడైన హజ్రత్ బిలాల్ (రజి)కు ఇస్లాం ఇచ్చిన గౌరవాన్ని పుస్తకాల్లో చదివిన పిల్లలు, అటువంటి గౌరవపు గుర్తును మన నేల మీదనే కళ్లారా చూశారు.

ఒడ్డు వెంట

అక్కడి నుండి దక్షిణపు ఒడ్డు వెంట సాగాము. నిజాం కాలపు సిటీ కాలేజీ, దానిని ఆనుకొని ఎర్రరాతి గోడలు, తెల్లని గుమ్మటాలతో హైకోర్టు కనిపించాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి వీటికి రూపకల్పన చేశారు. ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనబడుతున్నాయి. న్యాయస్థానం, విద్యాలయం, వైద్యాలయం, గ్రంథాలయం అన్నీ ఒకే నది ఒడ్డున ఎందుకు చేరాయని అడిగితే మాస్టారు, "వరద తర్వాత ఒడ్డును మళ్లీ కట్టారమ్మా. ఖాళీ అయిన చోట ప్రజలకు పనికివచ్చేవి కట్టాలనుకున్నారు" అన్నారు. ఆ వరద కథ నది దాటాక చెబుతానన్నారు.

నయాపూల్ ఎక్కే ముందు దారుల్‌షిఫా వైపు చేయి చూపించారు. నగరం కట్టిన కొద్ది సంవత్సరాలకే, 1595లో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షాహ్ అక్కడ యునానీ వైద్యశాల నెలకొల్పారు. రోగులకు చికిత్స, విద్యార్థులకు వైద్యశిక్షణ ఒకేచోట జరిగేవి. కొత్త నగరానికి తొలినాళ్లలోనే వైద్యశాలను సమకూర్చిన ఆ దృష్టిని మేము మనసులో దాచుకున్నాము. దగ్గరలోనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ఆనాటికి వదిలేశాము. అందులోని ఖురాన్ వ్రాతప్రతులను చూడటానికే ఒక పూట చాలదు.

చింతచెట్టు కింద

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. దాని కిందికి చేరగానే మాస్టారు గొంతు తగ్గించారు.

1908 సెప్టెంబరు 28. ఎడతెరిపి లేని వానలకు ఎగువ చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా మూసీలోకి వచ్చిపడింది. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. పాత పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. సుమారు 15,000 మంది చనిపోయారని, 80,000 మంది నిరాశ్రయులయ్యారని చెబుతారు. ఆ రోజు ఈ చెట్టు కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ప్రతి సంవత్సరం అదే తేదీన నగరవాసులు కొందరు ఈ చెట్టు కిందికి వచ్చి మృతులను స్మరించుకుంటారు.

ఆ వరదలో కొట్టుకుపోయిన కుటుంబాల్లో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కుటుంబం కూడా ఉంది. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆయన కండ్ల ముందే ప్రవాహంలో కలిసిపోయారు. ఆయన ఒక్కరే మిగిలారు. అంతటి దుఃఖం తర్వాత ఆయన అల్లాహ్‌ను నిందించలేదు. ఆయన రుబాయీలు దైవభక్తికి, సహనానికి, కృతజ్ఞతకు పేరుపొందాయి. 1961లో మరణించేనాటికి దేశమంతటా ఉర్దూ తెలిసినవారు ఆయనను రుబాయీల కవిగా గౌరవించారు.

మా దాదీ చెట్టు మొదలు మీద చేయి వేసి చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. చివరకు, "తల్లిని, బిడ్డను పోగొట్టుకొని కూడా షుక్ర్ అన్నాడా?" అని మాత్రం అడిగింది. దాదీకి కూడా పుట్టిన పిల్లల్లో ఒకరు దక్కలేదని మాకు తెలుసు. ఆ మాటకు ఎవరమూ జవాబు చెప్పలేదు.

విపత్తు తర్వాత జరిగిన పని కూడా పిల్లలకు తెలియాలి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాధితులకు తన భవనాల తలుపులు తెరిపించారు. మరుసటి ఏడాది ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచించిన పథకం మేరకు మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే నగరానికి తాగునీరు ఇచ్చాయి. ఒక ముస్లిం పాలకుడు, ఒక హిందూ ఇంజనీరు, వేలాది కూలీలు కలిసి చేసిన ఆ పని ఫలం నూరేళ్లు దాటినా అందుతూనే ఉంది. దైవప్రవక్త (స) బోధించిన సదఖయే జారియా అంటే పిల్లలకు చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

నది మరచిపోలేదు

అయితే మనం మరచిపోయాము. మూసీ ఒడ్డున, నదీగర్భంలో ఇండ్లు వెలిశాయి. 2020 అక్టోబరులో వరద వాటిలోకి వచ్చింది. 2025 సెప్టెంబరు చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు, మేము ఉదయం బస్సు దిగిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు చేరింది. 1908 నాటి వరద కూడా అదే నెల చివర వచ్చిందని మాస్టారు గుర్తు చేశారు. 2024లో నదీగర్భంలోని ఇండ్లకు అధికారులు గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇండ్లకు తరలించారు. నదికి చోటు కావాలి, నిజమే. కాని ఆ ఇండ్లలో ఉన్నది పేదలు. వారి కూలి, పిల్లల బడి, చుట్టుపక్కల బంధుత్వం అన్నీ ఆ ఒడ్డుననే ఉన్నాయి. ఏ ఒక్కదానిని విస్మరించినా అది న్యాయం కాదు.

నయాపూల్ మీద నుండి కిందికి చూసినప్పుడు మా అమ్మాయి దుపట్టాతో ముక్కు మూసుకుంది. నల్లని నీరు, తేలే సంచులు, మురుగు కాలువల నోళ్లు. "ఇదంతా మన దగ్గరికే వస్తుందా?" అంది. "ఔను బేటా. ఇక్కడ పారేసింది అక్కడ మీ పొలాల్లోకే చేరుతుంది" అన్నారు మాస్టారు. ఆమె రెండో ప్రశ్నకు సమాధానం మాకు అక్కడ దొరికింది. అందులో నగరం ఒక్కటే దోషి కాదు. బస్సులో మేము తాగి పారేసిన నీళ్ల సీసాలు ఏమయ్యాయని తమ్ముడు అడిగినప్పుడు పెద్దలమే తల దించుకున్నాము.

ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. నీటిని వృథా చేయడమే తగనప్పుడు, దానిని పాడు చేయడం ఎంతటి తప్పో వేరే చెప్పనక్కరలేదు. దిగువన ఉన్న పొరుగువాని హక్కు కూడా పొరుగువాని హక్కే.

రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మా నడకలో చివరి మజిలీ. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936 నుండి అఫ్జల్‌గంజ్‌లోని ప్రస్తుత భవనంలో కొనసాగుతున్నది. జుహ్ర్ వేళకు మగవారము అఫ్జల్‌గంజ్ మసీదుకు వెళ్లాము. స్త్రీలు దగ్గరి గల్లీలో ఉన్న బంధువుల ఇంట్లో నమాజు చేసుకున్నారు.

ఇటువంటి నడకకు వెళ్లదలచినవారికి రెండు మూడు మాటలు. ఆదివారం ఉదయం రద్దీ తక్కువ. హైకోర్టును బయటి నుండే చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆస్పత్రి ఆవరణలో రోగులకు ఇబ్బంది కలగకుండా మసలుకోవాలి. వృద్ధులు ఉంటే మధ్య మధ్య ఆటో చేసుకోవడం మంచిది. స్త్రీలకు నమాజు చోటును ముందే విచారించుకోవాలి. నీళ్లు ఇంటి నుండే స్టీలు సీసాల్లో తెచ్చుకోవాలి.

సాయంత్రం తిరుగు బస్సులో ఖాళీ సీసాలన్నింటినీ మా అమ్మాయి ఒక సంచిలో వేసి ఒడిలో పెట్టుకొని కూర్చుంది. మోత్కూర్‌లో దిగాక మా బిక్కేరు వాగు ఎలా ఉందో రేపు చూసి వద్దామంది. దాదీ మాత్రం దారి పొడవునా తస్బీహ్ తిప్పుతూనే ఉంది. మన పిల్లలకు శుభ్రమైన నీటిని, దానిని కాపాడే బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.