ఆకు ఎవరిది? తంబాకు ఎవరిది?



"మీ ఇంట్ల మీరు కూసొని చేసుకుంటున్నరు. మనసయితే చేస్తరు, లేకుంటే పండుకుంటరు. మీరు కంపెనీ కూలోళ్లు ఎట్లయితరు?"

బీడీలు చేసే వాళ్లకి ఈ మాట కొత్త కాదు. పీఎఫ్ అడిగినప్పుడు టేకేదారు ఇట్లనే అంటాడు. వినగానే నిజమే కదా అనిపిస్తుంది. అరుగు మనది. చాట మనది. కత్తెర మనది. గంట కొట్టి పిలిచేవాడు లేడు. పొయ్యి మీద కూర వేగుతుంటే లేచి పోవచ్చు.

మరి ఆకు ఎవరిది? తంబాకు ఎవరిది? చేసిన బీడీ ఎవరికి పోతుంది? పొద్దున కట్టలు తీసుకుపోతే చాట్ తీసేది ఎవరు?

ఈ ప్రశ్నలు ఢిల్లీలోని సుప్రీంకోర్టు దాకా పోయాయి. మన దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు అది. అక్కడ ఏం తేలిందో చెప్తాను.

ముందు బట్టలు కుట్టేవాళ్ల కేసు చెప్పాలి. అది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి పోయింది. ఒక కుట్టు దుకాణం. పనివాళ్లకి నెల జీతం లేదు, కుట్టిన బట్టకి ఇంత అని కూలి. ఒకరోజు రాకపోతే సెలవు చీటీ ఇవ్వక్కర్లేదు. యజమాని ఒప్పుకుంటే గుడ్డ ఇంటికి తీసుకుపోయి కూడా కుట్టుకోవచ్చు. "వీళ్లు నా పనివాళ్లు కారు" అన్నాడు యజమాని. 1973లో కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. దుకాణంలోని మిషన్లు యజమానివి. ఎట్లా కుట్టాలో చెప్పేది యజమాని. సరిగా లేకపోతే తిప్పి ఇచ్చి మళ్లీ కుట్టమనేది యజమాని. కాబట్టి వాళ్లు ఆయన పనివాళ్లే అని తీర్పు చెప్పింది.

బీడీల సంగతి కొంచెం వేరు. ఇక్కడ పని అంతా ఇంట్లోనే. పైగా కంపెనీకీ మనకీ నడుమ టేకేదారు ఉంటాడు.

1977లో ప్రభుత్వం బీడీ పనికి కూడా పీఎఫ్ పెట్టింది. పీఎఫ్ అంటే భవిష్య నిధి, అంటే ముసలితనం కోసం దాచే డబ్బు. బీడీ కంపెనీలు కోర్టుకి పోయాయి. ఇంట్లో చేసే ఆడవాళ్లు మా పనివాళ్లు కారు అన్నాయి. టేకేదారు పెట్టుకున్న వాళ్లతో మాకు సంబంధం లేదు అన్నాయి.

1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బీడీ చేయడానికి పక్కన నిలబడి చూసేవాడు అక్కర్లేదు అన్నది. సరుకు ఇచ్చేది కంపెనీ. బీడీలు తీసుకునేది కంపెనీ. బాగా లేనివి తీసిపారేసే హక్కు కంపెనీది. ఆ హక్కు ఉన్నదంటే పని మీద అదుపు ఉన్నట్టే. ఇంట్లో చేసినా, టేకేదారు ద్వారా చేసినా ఆ కంపెనీ పనివాళ్లే. వాళ్లకి పీఎఫ్ కట్టాల్సిందే.

చాట్ తీసినప్పుడల్లా మన కడుపు మండుతుంది. ఆ చాటే ఇక్కడ మనకి సాక్ష్యం అయింది చూడండి.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. బీడీ పనిలో పీఎఫ్ నూటికి 10. నెలకి మీ కూలి 4000 రూపాయలు అనుకోండి. మీ కూలిలోంచి 400 కోస్తారు. కంపెనీ తన జేబులోంచి ఇంకో 400 వేయాలి. కంపెనీ వేసే 400లో 333 రూపాయలు పింఛను ఖాతాకి పోతాయి. మిగిలిన 67 రూపాయలు మీ 400తో కలిసి మీ పేరున జమ అవుతాయి, వడ్డీ వస్తుంది. 10 ఏళ్లు పని నిండితే, 58 ఏళ్ల వయసు నుంచి నెల నెలా పింఛను వస్తుంది. 2014 నుంచి ఆ పింఛను నెలకి 1000 రూపాయలకి తగ్గకూడదని పెట్టారు. 1000 రూపాయలు ఏం సరిపోతాయి అంటారా? సరిపోవు. కానీ పేరే లేనివాళ్లకి అది కూడా లేదు.

"పీఎఫ్ వద్దు, మొత్తం చేతికిస్తా" అని టేకేదారు అంటే సంబరపడవద్దు. చేతికి వచ్చేది మీ 400. కంపెనీ ఇవ్వాల్సిన 400 మాత్రం పోతుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకి ఆసరా పింఛను మొదలుపెట్టినప్పుడు కూడా పీఎఫ్ ఉన్నవాళ్లకే ఇచ్చింది. ఒకే ఇంట్లో అత్త కార్డు మీద కోడలు ఏళ్ల తరబడి బీడీలు చేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కార్డు మీద పేరున్న అత్తకి పింఛను వచ్చినా, కోడలి చేతుల కష్టానికి ఎక్కడా లెక్క లేదు.

చట్టాలు మారాయి, అది కూడా తెలియాలి. 1966లో బీడీ కార్మికుల కోసం వేరే చట్టం వచ్చింది. ఆకు, తంబాకు, చాట్ మీద తగాదా వస్తే తేల్చే అధికారి ఉండాలని అందులో రాశారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం, ఇంకా చాలా పాత చట్టాలు పోయి నాలుగు లేబర్ కోడ్లు వచ్చాయి. పీఎఫ్ మాత్రం పోలేదు, అది కొత్త కోడ్లో ఉంది. కూలి కోడ్లో మనకి పనికొచ్చే మాట ఒకటి ఉంది. కూలి ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో అర్జీ పెడితే, "నేను ఇచ్చాను" అని రుజువు చేసుకోవాల్సింది యజమాని. అర్జీకి గడువు 3 ఏళ్లు.

అయితే మనం పని చేశామని మన దగ్గర కూడా కాగితం ఉండాలి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తారీఖు, తీసుకున్న ఆకు, తంబాకు, ఇచ్చిన బీడీలు, చాట్ ఎన్ని, చేతికి వచ్చిన పైసలు. ఏ రోజుది ఆ రోజే రాయండి. టేకేదారు రాసే బుక్కులో అంకె మీ అంకెతో కలుస్తుందా అని అక్కడే చూడండి. తేడా ఉంటే అప్పుడే అడగండి. నెల గడిస్తే ఎవరికీ గుర్తుండదు.

అర్జీ ఎక్కడ పెట్టాలి? కూలి తగాదా అయితే లేబర్ ఆఫీసులో. పీఎఫ్ సంగతి అయితే పీఎఫ్ ఆఫీసులో, నిజామాబాద్‌లో ఒకటి ఉంది. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఒక్కరే పోవద్దు. ఒక్కరే పోతే మర్నాడు ఆకు ఆపేస్తారు, ఆ భయం ఉత్తది కాదు. వాడకట్టులోని 20 మంది కలిసి సంతకాలు పెట్టి పోతే అందరికీ ఆకు ఆపడం కష్టం. యూనియన్ ఉంటే వాళ్లని తోడు తీసుకుపోండి.

పీఎఫ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. పీఎఫ్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ మీ ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉన్నాయా? చిన్నప్పుడు పనిలో చేరినప్పుడు టేకేదారు ఏదో పేరు రాసి ఉంటాడు. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోవచ్చు. దిద్దించడానికి ఒక ఫారం ఉంటుంది, దాని మీద మీ సంతకంతో పాటు కంపెనీ సంతకం కూడా కావాలి. అందుకని పని మానకముందే, కంపెనీ నడుస్తుండగానే దిద్దించుకోండి.