పడవలు ఆగిన ఊళ్లో ఒక్కరి భోజనం

పని మీద పరాయి ఊరు పోయి ఒక్కరే ఉన్నవాళ్లు సాయంత్రం చేసేది చాలావరకు ఒకటే. హోటల్ గదిలో లాప్‌టాప్ ముందేసుకుని, ఫోన్లో ఏదో ఆర్డర్ పెట్టి, అట్టపెట్టెలో వచ్చింది మంచం మీదే తిని పడుకుంటారు. నాకు ఆ తిండి సహించదు. పగలు కంపెనీది, సాయంత్రం మనది. ఏ ఊరికైనా తనదంటూ ఒక వంట ఉంటుంది, ఆ వంట అక్కడే పుట్టడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం అడిగి తెలుసుకుంటూ తింటే పక్కన మనిషి లేడన్న దిగులు రాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నాకు ఈ సంగతి బాగా తెలియజెప్పింది.

నాది నల్లగొండ జిల్లా. ఇప్పుడు ఉండేది డాలస్‌లో. గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. లూయివిల్‌కు గోదాములు ఎక్కువ. సరుకు రవాణా కంపెనీ యూపీఎస్ వాళ్ల అతిపెద్ద విమాన కేంద్రం అక్కడే ఉంది. చీకటి పడ్డాక సరుకు విమానాలు దీపాలు వెలిగించుకుని ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. ఒక గోదాములో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెడుతుంటే దగ్గరుండి చూసుకొమ్మని నన్ను పంపారు. ఐదింటికి పని అయిపోయేది. ఆ తర్వాత కాళ్లకు చెప్పులు, చేతిలో గొడుగు, ముందు ఊరు.

ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని వంట సగం అర్థమైనట్టే. ఒహాయో నది పిట్స్‌బర్గ్ దగ్గర మొదలై మిసిసిపీలో కలిసేదాకా సుమారు 980 మైళ్లు పారుతుంది. అంత పొడవునా పడవలకు పెద్ద అడ్డంకి ఉన్నది ఈ ఊరి దగ్గర ఒక్కచోటే. ఇక్కడ రెండు మైళ్లకు పైగా రాతి పరుపు మీద నది 26 అడుగులు కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఎగువ నుంచి వచ్చిన పడవ ఇక్కడ ఆగాలి. సరుకు దించాలి, బళ్ల మీద అవతలికి చేర్చాలి, మళ్లీ ఎక్కించాలి. 1778లో జార్జ్ రోజర్స్ క్లార్క్ ఇక్కడ జనాన్ని దించి నివాసం ఏర్పరిచాడు. స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికాకు అండగా నిలిచిన ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ పేరు ఊరికి పెట్టారు. 1830లో కాలువ తవ్వి పడవలకు దారి ఇచ్చేదాకా ఈ ఊరికి బతుకుతెరువు ఆగిన మనుషులే. ఆగినవాడికి అన్నం కావాలి, గొంతు తడుపుకోవడానికి ఏదో ఒకటి కావాలి, తల దాచుకునే చోటు కావాలి. ఎవరో ఒంటరిగా వచ్చి, తిని, పోవడం ఈ ఊరికి రెండు వందల ఏళ్ల పాత అలవాటు. బార్ కౌంటర్ ముందు ఎత్తు కుర్చీలో ఒక ఆడమనిషి ఒక్కతే కూర్చుని భోంచేస్తుంటే నా వైపు వింతగా చూసినవాళ్లు లేరు.

మొదట బ్రౌన్ హోటల్‌కు నడిచాను. ఫోర్త్ స్ట్రీట్ బ్రాడ్‌వేను కలిసే మూల మీద 1923లో తెరిచిన పెద్ద భవనం అది. 1920లలో అక్కడ రాత్రి విందు నాట్యాలకు వెయ్యిమందికి పైగా వచ్చేవాళ్లట. అర్ధరాత్రి దాటాక అలసిపోయి ఆకలితో కూర్చుంటే వంటవాళ్లు పెట్టేది ఎప్పుడూ హామ్, గుడ్లే. తిని తిని జనానికి మొహం మొత్తింది. 1926లో అక్కడి షెఫ్ ఫ్రెడ్ ష్మిట్ కొత్తది చేశాడు. దళసరి రొట్టెముక్క కాల్చి, దాని మీద టర్కీ కోడి మాంసం పరిచి, వెన్న, పిండి, క్రీమ్, చీజ్‌తో చేసిన చిక్కటి తెల్లటి సాస్ మునిగేలా పోసి, పైమంట కింద పెట్టాడు. సాస్ బుడగలు వచ్చి అక్కడక్కడ గోధుమరంగు తేలాక రెండు బేకన్ ముక్కలు అడ్డంగా వేశాడు. దీని పేరు హాట్ బ్రౌన్. ఇప్పటికీ ఆ హోటల్లో అదే వండుతారు. సలసల ఉడుకుతూ వస్తుంది. దాంతో పెట్టే టమాటా ముక్కల పులుపు లేకపోతే ఆ కొవ్వంతా నోటికి బరువయ్యేది. ఆ ముక్కలు సరిగ్గా అందుకే ఉన్నాయి. కారం కోరే నాలుకకు ఇది చప్పగా తోస్తుంది, కాని నడిరాత్రి ఆకలికి పుట్టిన తిండిలో ఉండాల్సిన నిండుదనం అందులో ఉంది. ఒక్కరు మొత్తం తినలేరు. సగం కట్టించుకోవడానికి మాత్రం పనికిరాదు, చల్లారితే సాస్ గడ్డకడుతుంది. పగలు తక్కువ తిని వెళ్లాలి.

ఒంటరివాళ్లకు కౌంటర్ ఎందుకు మేలంటే, బల్ల దగ్గర కూర్చుంటే ఎదురు కుర్చీ ఖాళీగా కనిపిస్తుంటుంది. కౌంటర్ దగ్గర ఎదురుగా ఉండేది పనిచేసే మనిషి. గ్లాసులు తుడుస్తూనే ఊరి సంగతులు చెబుతాడు. మెనూలో ఉన్నది పూర్తిగా అక్కడే తెప్పించుకోవచ్చు. నేను "బర్బన్ అంటే నాకేమీ తెలియదు, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగితే బార్‌టెండర్ మొదట ఒక పెద్ద గ్లాసు నీళ్లు పెట్టి, "ముందు ఇది సగం తాగండి మేడమ్, మిగతాది మధ్యమధ్యలో" అన్నాడు. తెలిసిన మనిషి చెప్పే మొదటి మాట అదే అయి ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

బర్బన్ అనేది విస్కీలో ఒక రకం. పేరు రాసుకోవాలంటే అమెరికా చట్టం చెప్పిన షరతులన్నీ తీరాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ దిగిన సారాలో ఆల్కహాల్ 80 శాతం మించకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు. ఆ పాత్ర కొత్త ఓక్ కర్రతో చేసి, లోపలివైపు నల్లగా బొగ్గు పట్టేలా కాల్చినది కావాలి. రంగు గాని, రుచికి ఇంకేదైనా గాని కలపకూడదు. కలిపేది నీళ్లు మాత్రమే. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు ప్రత్యేక సరుకుగా తీర్మానించింది. కెంటకీలోనే చెయ్యాలని చట్టంలో లేదు, కాని చాలా భాగం వచ్చేది అక్కడి నుంచే. దానికి కారణాల్లో ఒకటి నేల కింద ఉంది. ఆ ప్రాంతమంతా సున్నపురాయి. దాంట్లోంచి వడిసిన నీళ్లలో కాల్షియం ఉంటుంది, ఇనుము ఉండదు. ఇనుము ఉన్న నీళ్లు విస్కీ రంగునూ రుచినీ పాడుచేస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన ఊళ్లు చూసి పెరిగిన నల్లగొండ మనిషికి, నీళ్ల మంచిచెడులను బట్టి ఒక ప్రాంతం తలరాత మారిందంటే వేరే రుజువు అక్కర్లేదు.

నది ఒడ్డునుంచి ఒక వీధి లోపలికి వస్తే మెయిన్ స్ట్రీట్. పోత ఇనుముతో చేసిన ముఖభాగాలున్న పాత భవనాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు విస్కీ వ్యాపారుల కార్యాలయాలు ఇక్కడే కావడంతో విస్కీ రో అన్నారు. 1920లో మద్యనిషేధం వచ్చి వీధి చచ్చిపోయింది. 1933లో నిషేధం ఎత్తేసినా వ్యాపారం తిరిగి ఈ వీధికి రాలేదు. ఈమధ్యే వచ్చింది: 2013లో ఇవాన్ విలియమ్స్, 2018లో ఓల్డ్ ఫారెస్టర్, 2019లో మిక్టర్స్ ఇక్కడ సందర్శకులకు తలుపులు తెరిచాయి.

వీటిలో నాకు ఎక్కువ నచ్చింది ఓల్డ్ ఫారెస్టర్. జార్జ్ గార్విన్ బ్రౌన్ అనే మందుల అమ్మకందారు 1870లో మొదలుపెట్టిన సరుకు ఇది. అప్పట్లో విస్కీ పీపాల్లో అంగళ్లకు వెళ్లేది; దారిలో ఎవరు ఏం కలిపారో తెలిసేది కాదు. డాక్టర్లు రోగులకు విస్కీ రాసిచ్చే రోజులు కావడంతో కల్తీ అంటే ప్రాణం మీదికి వచ్చేది. బ్రౌన్ తన విస్కీని మూత వేసి ముద్ర కొట్టిన గాజుసీసాల్లో మాత్రమే అమ్మాడు. కల్తీ కల్లు, కల్తీ సారా మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు కూల్చాయో చూసినదాన్ని కనుక ఆ సీసా ముందు కాసేపు నిలబడ్డాను. తర్వాత 1897లో అమెరికా ప్రభుత్వమే ఒక చట్టం తెచ్చింది. ఒకే బట్టీలో ఒకే కాలంలో తీసి, ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, 50 శాతం ఆల్కహాల్‌తో నింపినదానికే 'బాటిల్డ్ ఇన్ బాండ్' ముద్ర. ఈ రోజు కూడా సీసా మీద ఆ మాట కనిపిస్తే నమ్మి కొనుక్కోవచ్చు.

ఓల్డ్ ఫారెస్టర్ లోపల 72 పాళ్లు మొక్కజొన్న, 18 పాళ్లు రై అనే ధాన్యం, 10 పాళ్లు మొలకెత్తించిన బార్లీ కలిపి ఉడికించిన జావ పెద్ద తొట్లలో పులుస్తుంటుంది. ఆ వాసనకే పర్యటన టికెట్ డబ్బు గిట్టిందనిపించింది. తాగని వాళ్లు కూడా చూడదగ్గ చోటు. మొక్కజొన్న తీపిని ఇస్తుంది, రై మిరియపు ఘాటును ఇస్తుంది. కొందరు రైకి బదులు గోధుమ వేస్తారు, మేకర్స్ మార్క్ అలాంటిది, మెత్తగా ఉంటుంది. నా ఓటు రైకే.

పీపాలోకి పోసేటప్పుడు ఆ సారా నీళ్లలా తెల్లగా ఉంటుంది. తేనెరంగు, వెనిల్లా వాసన, కాస్త పొగ వాసన, అన్నీ కర్ర ఇచ్చేవే. ఎండాకాలం వేడికి సారా కర్రలోకి చొచ్చుకుపోతుంది, చలికాలం వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే రాకపోకలు. మా నల్లగొండ వైపు ఆడవాళ్లు కల్లు తాగడం తప్పు కాదు, పండగపూట మా అమ్మమ్మ చేతిలోనూ ముంత ఉండేది. కాని కల్లు గౌడన్న చెట్టు దిగిన పూటే తాగాలి, పొద్దు వాలితే పులిసిపోతుంది. బర్బన్ సరిగ్గా దానికి ఎదురు దారి. స్ట్రెయిట్ అని రాయాలంటే కనీసం రెండేళ్లు ఆగాలి, మంచివి ఆరేళ్లు, ఎనిమిదేళ్లు ఆగుతాయి. ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. గోదాముల చుట్టుపక్కల చెట్లూ గోడలూ నల్లబడి ఉంటాయి, ఆ ఆవిరి మీద పెరిగే బూజు వల్ల. కెంటకీలో ఇప్పుడు మనుషులకంటే నిండిన పీపాలే ఎక్కువ. ఒకసారి వాడిన పీపాలో మళ్లీ బర్బన్ పోయకూడదు కనుక అవి స్కాట్లాండ్ వెళ్లి అక్కడి విస్కీకి పనికొస్తాయి.

ఊరి వంటల్లో మనసుకు పట్టింది హెన్రీ బెయిన్ సాస్. 1881లో మొదలైన పెండెన్నిస్ క్లబ్ ఇక్కడి ధనవంతుల క్లబ్. హెన్రీ బెయిన్ అక్కడి హెడ్ వెయిటర్, నల్లజాతి మనిషి. వేటాడి తెచ్చిన జంతువుల మాంసానికీ గొడ్డుమాంసానికీ నంజుకోవడానికి ఒక సాస్ తయారుచేశాడు. అందులో టమాటా కెచప్, చిల్లీ సాస్, వూస్టర్‌షైర్ సాస్‌తో పాటు మామిడికాయ చట్నీ పడుతుంది. భారతదేశపు పేరు మీద ఇంగ్లండ్ సీసాల్లో నింపి ప్రపంచమంతా అమ్మిన తీపి మామిడి చట్నీ అది. కెంటకీ క్లబ్బు వంటింట్లో మామిడికాయ! కాల్చిన కోడిమాంసానికి అద్దుకుని తిన్నాను, తియ్యగా, పుల్లగా, వెనకాల చిన్న కారం. అదే క్లబ్బులో బార్ చూసిన టామ్ బుల్లక్ కూడా నల్లజాతివాడే, లూయివిల్‌లోనే పుట్టాడు. 1917లో ఆయన రాసిన 'ది ఐడియల్ బార్‌టెండర్' ఒక ఆఫ్రికన్ అమెరికన్ వెలువరించిన మొట్టమొదటి కాక్‌టెయిల్ పుస్తకం. వీళ్లకు ఆ క్లబ్బులో సభ్యులుగా కూర్చునే హక్కు లేని రోజులవి. అంతకుముందు కెంటకీ బట్టీల్లో బానిసలుగా పనిచేసినవాళ్లలో చాలామందికి పేరైనా మిగల్లేదు. చక్కెర, బిటర్స్, బర్బన్ కలిపిన ఓల్డ్ ఫ్యాషన్డ్ పుట్టింది తమ దగ్గరే అని ఆ క్లబ్ చెప్పుకుంటుంది, చరిత్రకారులు ఒప్పుకోరు. నా మటుకు ఆ కిరీటం కంటే బెయిన్, బుల్లక్ పేర్లు గోడకెక్కించడం ముఖ్యం.

దోసకాయ, క్రీమ్ చీజ్ కలిపి చేసే బెనెడిక్టీన్ పూత జెన్నీ బెనెడిక్ట్ అనే వంటల వ్యాపారిణి సృష్టి. వేడికి అలసిన మధ్యాహ్నం రొట్టె మీద రాసుకుని తింటే హాయిగా ఉంటుంది. ఈస్టర్ ముందు లెంట్ శుక్రవారాల్లో వెళ్తే చర్చిల్లో చేపల వేపుడు భోజనాలుంటాయి, జర్మన్ కాథలిక్కులు ఎక్కువగా స్థిరపడ్డ ఊరు కనుక. ఎవరైనా వెళ్లి వరసలో నిలబడవచ్చు.

మందు గురించి రాస్తూ జాగ్రత్త చెప్పకపోతే తప్పు. తాగుడు వల్ల చితికిన కుటుంబాలు మన ఊళ్లలో ప్రతి వాడలో ఉన్నాయి. ఎప్పుడూ ముట్టనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టనక్కర్లేదు. రుచి చూడదలచినవాళ్లు 'ఫ్లైట్' అడగండి: మూడు నాలుగు రకాలు చిన్న చిన్న గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసిస్తారు. రెండు చుక్కల నీళ్లు వేసుకుంటే ఘాటు తగ్గి వాసన విచ్చుకుంటుంది. నేను ఒక సాయంత్రం ఒక్క ఫ్లైట్ దాటలేదు, అది కూడా భోజనంతోనే. ఇంటికి సీసా తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక సంగతి: ఇండియా 2025 ఫిబ్రవరిలో బర్బన్ దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా ఇండియాలోకంటే అమెరికాలోనే చవక.

లూయివిల్‌లో మీకెప్పుడైనా పని పడితే మే మొదటి శనివారం చుట్టుపక్కల మాత్రం తేదీలు పెట్టుకోకండి. 1875 నుంచి జరుగుతున్న కెంటకీ డెర్బీ గుర్రప్పందాల రోజులవి, గది దొరకడం కష్టం. అక్టోబరు మేలు. బస ఫోర్త్ స్ట్రీట్ దగ్గర తీసుకోండి, బ్రౌన్ హోటల్ నుంచి మెయిన్ స్ట్రీట్ దాకా నడిచే దూరమే. కౌంటర్ దగ్గర కూర్చోండి, వడ్డించిన మనిషికి 20 శాతం టిప్ ఇవ్వండి, కారు తాళం హోటల్ గదిలోనే వదిలి వెళ్లండి.