మీకు తెలుసా? మోటార్‌హోమ్ ఊగుడును ఆపేది ఒక ఉక్కు కడ్డీ

అమెరికా హైవేల మీద మోటార్‌హోమ్ నడిపేవాళ్లను బాగా కంగారుపెట్టేది గాలి. వెనక నుంచి పెద్ద ట్రక్కు దాటుతుంటే, అది తోసుకొచ్చే గాలి ముందు బండిని పక్కకు నెడుతుంది. ట్రక్కు ముందుకు సాగేకొద్దీ మళ్లీ తనవైపు లాగుతుంది. వేసవి సెలవులకు ఇలాంటి బండి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లొచ్చిన మన తెలుగు కుటుంబాలకూ ఇది అనుభవమే. తప్పు డ్రైవరుది కాదు. ట్రక్కు చాసిస్ మీద ఇల్లు కట్టేశారు మరి! ఎత్తయిన గోడలు, కప్పు మీద ఏసీ, వెనక చక్రాలు దాటి అడుగుల కొద్దీ పొడుచుకొచ్చిన బాడీ.

ఈ ఊగుడుకు మొదటి మందు యాంటీ రోల్ బార్. కుడి, ఎడమ పక్కలను కలుపుతూ బండి కింద అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ ఇది. బాడీ ఒక పక్కకు ఒరిగితే, తడిగుడ్డను పిండినట్టు కడ్డీ మెలిపడుతుంది. ఉక్కు ఆ మెలికను విప్పుకోవాలని చూస్తుంది, ఆ బలమే బాడీని నిటారుగా నిలబెడుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే మాత్రం మెలిక పడదు, కడ్డీ ఊరికే తిరుగుతుంది. అందుకే కుదుపులేమీ పెరగవు.

అసలు విశేషం దాని మందంలో ఉంది. కడ్డీ వ్యాసం 20 శాతం పెంచితే బిగువు 20 శాతం కాదు, రెట్టింపు దాటుతుంది! మెలికకు ఎదురుతిరిగే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి. పైసా ఖర్చు లేని దారీ ఒకటుంది. ఫోర్డ్ ఎఫ్-53 చాసిస్ మోడళ్లు కొన్నింటిలో ఈ కడ్డీ చివర రెండేసి రంధ్రాలుంటాయి. వాటిలో బిగించే లింకును బయటి రంధ్రం నుంచి లోపలి దానికి మారిస్తే చాలు, కడ్డీ ఇంకా బిగువుగా పనిచేస్తుంది. ఎందరో యజమానులు స్పానర్ పట్టుకుని స్వయంగా చేసుకున్న పని ఇది.

కమాన్ కట్టల మీద ఇరుసు పక్కలకు జరిగే బండికి పాన్‌హార్డ్ రాడ్ వేస్తారు. దీని ఒక కొస ఇరుసుకు, రెండోది అవతలి పక్క చాసిస్‌కు బిగిస్తారు.

కుంగిన వెనక భాగాన్ని సస్పెన్షన్‌కు వేసే ఎయిర్ బ్యాగులు లేపుతాయి. అయితే, అవి వేయించాం కదా అని సామాను పెంచకూడదు. బండి లేబుల్ మీద 18,000 పౌండ్లు, అంటే దాదాపు 8,165 కిలోలు అని ఉంటే, ఎన్ని బ్యాగులు బిగించినా హద్దు అదే. బ్రేకులు, ఇరుసులు, టైర్లు మారలేదుగా!

1973 నుంచి 1978 దాకా జీఎంసీ తయారుచేసిన మోటార్‌హోమ్‌కు మాత్రం ఈ అతుకులు పెద్దగా అవసరం రాలేదు. ముందు చక్రాలతో నడిచే బండి కావడంతో వెనక అడ్డంగా ఇరుసే లేదు. నేల బాగా కిందికి దిగింది, వెనక ఎయిర్ సస్పెన్షన్ కంపెనీదే. నా లెక్కలో ఇప్పటికీ అదే సరైన పద్ధతి.

మీ బండికి ఏది కావాలో తేల్చుకునే ముందు, నీళ్ల ట్యాంకు నింపి, సామాను సర్ది, ట్రక్ స్టాపులోని కాటాకు తీసుకెళ్లండి. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు. టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకు ఎంత గాలి ఉండాలో చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.