సిరులున్న ఎడారి: ఎస్మెరాల్డా

కొన్ని సీమలకు ప్రకృతి నేలలోపల సిరుల నిచ్చి, నేలపైన నీటిని మాత్రము కరవు చేసినది. అమెరికా పశ్చిమభాగమున, నెవడా రాష్ట్రమందలి ఎస్మెరాల్డా కౌంటీ అట్టిది. కౌంటీ యనగా మన జిల్లావంటి పాలనావిభాగము. దీని వైశాల్యము సుమారు 9,300 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారము జనసంఖ్య 729 మాత్రమే.

పడమట నిలిచిన సియెర్రా నెవడా పర్వతపంక్తి పసిఫిక్ సముద్రమునుండి వచ్చు మేఘముల నడ్డగించి, వాటి తేమను తానే గ్రహించును. అందుచే ఇచ్చటి లోయలు ఎడారులైనవి.

1902లో ఇచ్చట బంగారము కనబడగా గోల్డ్‌ఫీల్డ్ నగరము వెలసినది. కొలది యేండ్లలో అది నెవడాలోకెల్ల పెద్ద నగరమైనది. ఖనిజము తరుగగానే జనులు తరలిపోయిరి. 1923 నాటి అగ్నిప్రమాదము మిగిలిన భవనములలో పెక్కింటిని దహించినది.

తరువాత లిథియము వంతు వచ్చినది. క్లేటన్ లోయలో 1966లో ఈ పరిశ్రమ మొదలైనది. నేల అడుగున నున్న ఉప్పునీటిని తోడి, మడులలో నింపి, ఎండకు ఇగిర్చి, లిథియమును వేరుచేయుదురు. మన కోస్తాలో ఉప్పు పండించు విధమే యిది. కాని అచ్చట పంట చేతికి వచ్చుటకు ఏడాదికి పైగా పట్టును. సెల్‌ఫోనులకు, విద్యుత్ వాహనములకు శక్తినిచ్చు బ్యాటరీలకు ఈ లోహమే ప్రాణము.

ఇంతటి సిరి గల ఆ కౌంటీలో ఉన్నత పాఠశాల లేదు! పై తరగతుల పిల్లలు పొరుగు కౌంటీలోని టోనోపా పట్టణమునకు పోవలెను. విద్యార్థులచే వనరుల పట్టికలు వల్లె వేయించునపుడు ఉపాధ్యాయులు ఈ ప్రశ్ననుకూడ అడుగుదురు గాక: నేలలో పుట్టిన సిరి ఎచ్చటికి పోవుచున్నది? ఆ నేలపై పుట్టిన పిల్లలకు ఏమి మిగులుచున్నది?