ఏడవ ఈతిబాధ

అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్రలు - ఈ ఆరింటిని మన పూర్వులు ఈతిబాధలని పేర్కొనిరి. ఆరును పంటను చెరచునవే. పంట విరివిగా పండుటయే రైతునకు బాధ కాగలదని వారు తలపలేదు. గింజ గాదెను విడిచి అంగడికి ఎక్కిన పిదప ఏడవ ఈతి యొకటి పుట్టినది. అదియే ధర పతనము.

ఇందలి మర్మమును 17వ శతాబ్ది చివర ఇంగ్లండులో గ్రిగరీ కింగ్ అను గణాంకవేత్త అంచనాలు బయటపెట్టెను. 1699లో చార్లెస్ డావెనంట్ తన గ్రంథమున వానిని ప్రకటించెను. పంట పదవవంతు తగ్గినచో ధర పదింట మూడువంతులు పెరుగునట. పంట పెరిగినప్పుడు ధర అట్లే వేగముగా పడిపోవును. కారణము సులభముగా గ్రహింపవచ్చును. వస్త్రము చవకయైనచో మరియొకటి కొందురు; బియ్యము చవకయైనదని ఎవరును పూటకు రెండింతల అన్నము తినరు. కడుపునకు కొలత గలదు.

ఒక లెక్క వేసి చూతము. ఎకరమునకు 30 బస్తాలు పండి, బస్తా 800 రూపాయలు పలికినచో రాబడి 24,000. మరుసటి యేట 36 బస్తాలు పండి, ధర 600కు దిగినచో రాబడి 21,600 మాత్రమే. ఆరు బస్తాలు అధికముగా పండించిన రైతు 2,400 రూపాయలు నష్టపోయెను. ఆ ఆరు బస్తాల కోత, నూర్పిడి, మోత కూలి అదనము.

అట్లయిన ధర వచ్చువరకు నిలువ చేయరాదా యని పట్టణవాసి అడుగవచ్చును. కళ్లములో ధాన్యము రాశి పోయకమునుపే అప్పులవారు గుమ్మమున నిలుతురు. తేమ 17 శాతము మించిన ధాన్యమును ప్రభుత్వ కేంద్రములు కొనవు. ఆరబెట్టుటకు చాలినంత చోటు లేదు. ఆకాశమున మబ్బు కానవచ్చినచో గుండె దడదడలాడును. అందుచేత ఊరంతయు ఒక్కమారే అమ్మజూపును. కౌలుదారుని స్థితి మరింత దయనీయము. కౌలు బస్తాలు కొలిచి ఇచ్చిన పిదప మిగిలిన కొద్ది గింజలే విత్తనము, ఎరువు, కూలి ఖర్చులన్నింటిని భరింపవలెను.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప అన్నపూర్ణగా పేరొందిన గోదావరి డెల్టాలోనే 2011లో విపరీతము సంభవించినది. నాటి తూర్పు గోదావరి జిల్లా కోనసీమలో రైతులు ఖరీఫు సాగు మాని పంట విరామము ప్రకటించిరి. 2010-11కు సాధారణ రకము వరికి క్వింటాలు మద్దతు ధర 1,000 రూపాయలు. పెక్కురు రైతులకు ఆ మాత్రమును దక్కలేదు. గిడ్డంగులు నిండియుండెను. 2008లో విధించిన సాధారణ బియ్యపు ఎగుమతి నిషేధము 2011 సెప్టెంబరు వరకు తొలగలేదు. మురుగు కాలువల దుస్థితి, పెరిగిన కూలి రేట్లు దీనికి తోడయ్యెను. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించి విచారణ జరిపించినది. నీరుండియు, నేలయుండియు, నాగలిని అటకపై పెట్టుట కంటె పెద్ద నిరసన కర్షకునికి వేరొకటి లేదు.

ఈ బాధను ఎరిగియే 1965లో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల సంఘమును కేంద్ర ప్రభుత్వము నెలకొల్పినది. సాగు ఖర్చుపై కనీసము సగము అధికముగా మద్దతు ధర ఉండవలెనని స్వామినాథన్ అధ్యక్షతన గల జాతీయ రైతు సంఘము సిఫారసు చేసినది. అయితే ప్రకటించిన ధర వేరు, చేతికందిన ధర వేరు. కోత కోసిన వారముననే కొనుగోలు కేంద్రము తెరవవలెను. ఊరూర ఆరబెట్టు కళ్లములు, గిడ్డంగులు ఉండవలెను. నిలువ చేసిన ధాన్యముపై తక్కువ వడ్డీకి అప్పు దొరకవలెను. అప్పుడే అమ్ముటకు తగిన అదనును నిర్ణయించు శక్తి రైతునకు కలుగును.

కరవు కాలమున రైతును తలచుకొనుట లోకమునకు అలవాటే. పంట పండిన యేటను తలచుకొనుట నేర్వవలసియున్నది.