పంపింగ్ తగ్గిన గుండెకు స్టంట్ ఎంతవరకు సాయం?

గోదావరి పల్లెల్లో మనుషులు ఏ జబ్బులతో పోతున్నారో తెలుసుకోవడానికి 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. చనిపోయినవారి కుటుంబాలను అడిగి వివరాలు రాసుకున్నారు. సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో ఏడాదికి 1,354 మరణాలు తేలాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధుల వాటా 12 శాతమే. గుండెపోటు పట్నపు జబ్బన్న మాట డెల్టాలో అప్పటికే చెల్లకుండా పోయింది.

గుండెపోటు నుంచి బతికి బయటపడ్డవాళ్ల కష్టం ఇంకోరకం. కండరం కొంత చచ్చిపోయి గుండె నీరసిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఎడమ గదిలోని రక్తంలో సగానికి పైగా ఒక్కో దెబ్బకు బయటికి తోస్తుంది. నీరసించిన గుండె మూడో వంతు కూడా తోయలేకపోవచ్చు. ఈ వాటానే పంపింగ్ అంటారు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాల్లో నీరు, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం. రాజమండ్రిలోనో కాకినాడలోనో పరీక్ష చేయిస్తే "పంపింగ్ ముప్పై శాతమే, బ్లాకులు కూడా ఉన్నాయి" అంటారు. ఇంట్లోవాళ్లు వెంటనే అడిగేది ఒకటే: స్టంట్ వేస్తే బాగుపడతాడా?

గుండెపోటు వస్తున్న ఆ గంటల్లో అయితే సందేహమే లేదు, మూసుకుపోయిన నాళాన్ని స్టంట్‌తో తెరవడం ప్రాణం నిలబెడుతుంది. ఎప్పటినుంచో నీరసించిన గుండె విషయం అలా కాదు. చాలాకాలం వైద్యులు నమ్మింది ఏమిటంటే, రక్తం చాలక కొంత కండరం చావకుండా నిద్రపోతుందని, రక్తం అందిస్తే అది లేస్తుందని. వినడానికి ఎంతో సబబుగా ఉండే ఆలోచన ఇది. దీన్ని తేల్చడానికే బ్రిటన్‌లో 40 ఆసుపత్రులు కలిసి రివైవ్డ్ అనే పరిశోధన చేశాయి. పంపింగ్ 35 శాతం దాటని, బ్లాకులు బాగా ఉన్న, ఇంకా బతికే ఉన్న కండరం కనబడిన 700 మందిని తీసుకున్నారు. సగం మందికి మందులతోపాటు స్టంట్లు వేశారు, మిగతావారికి మందులే ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. సుమారు మూడున్నరేళ్లలో మరణించినవారు, లేదా గుండె నీరసంతో ఆసుపత్రిలో చేరినవారు స్టంట్ వర్గంలో 37.2 శాతం, మందుల వర్గంలో 38 శాతం. పంపింగ్‌లోనూ తేడా రాలేదు. కాలువలో పూడిక తీసి నీళ్లు వదిలినా, అప్పటికే దెబ్బతిన్న చేను అదంతట అది తేరుకోలేదు.

ఆయుష్షు పెరగకపోయినా బతుకు సులువైందా? నాకు ఈ ప్రశ్నే ముఖ్యం. దాన్ని కొలవడానికి 23 ప్రశ్నల పట్టిక ఉంది. స్నానం చేయడం, మెట్లెక్కడం, ఇంటిపని, చుట్టాలింటికి వెళ్లడం, ఎత్తుగా దిండ్లు పెట్టుకుని పడుకోవాల్సి రావడం, ఇలాంటివి అడిగి నూటికి మార్కులు వేస్తారు. ఆరు నెలలకు స్టంట్ వర్గం 6.5 మార్కులు ముందుంది. ఏడాదికి అది 4.5కి, రెండేళ్లకు 2.6కి దిగింది. ఆ చివరి తేడా కాకతాళీయం కాదని చెప్పగలిగేంత బలం లెక్కల్లో లేదు. మందులే వాడినవారు కూడా మెల్లగా మెరుగుపడుతూ వచ్చారు. ఒక ఏడాది కాస్త తేలికగా ఊపిరి పీల్చుకోవడం కూడా చిన్న సంగతేమీ కాదు. అయితే ఆ పరిశోధనలో ఎక్కువమందికి ఛాతీ నొప్పి లేదు. నడిస్తే నొప్పి వచ్చేవారికి స్టంట్ ఇచ్చే ఉపశమనం వేరే లెక్క. బైపాస్ ఆపరేషన్ సంగతీ వేరే. ఇలాంటి గుండెలకే బైపాస్ చేసి చూసిన స్టిచ్ అనే పరిశోధనలో పదేళ్ల తర్వాత బైపాస్ వర్గంలో మరణాలు 58.9 శాతం, మందుల వర్గంలో 66.1 శాతం.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, 2017లో మందుపూత స్టంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టాక, డెల్టా రైతుకూలీకి కూడా స్టంట్ అందుబాటులోకి వచ్చింది. ఇది గొప్ప మేలు. నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత జరిగేది. "స్టంట్ వేశారుగా" అని బిళ్లలు మానేస్తున్నారు. నీరసించిన గుండెకు ఆయుష్షు పోసేవి ముఖ్యంగా నాలుగు రకాల బిళ్లలు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ లేదా దానికి బదులు వాడే బీపీ మందు, బీటాబ్లాకర్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందు. షుగర్ లేనివారికీ ఆ చివరిది పనిచేస్తుంది. చాలా ఇళ్లలో నెలనెలా వీటి ఖర్చు చేతి నుంచే పడుతుంది, ఆపడానికి అదీ ఒక కారణం. స్టంట్ వేయించుకున్నవారు రక్తం పలుచబరిచే మందు డాక్టర్ చెప్పకుండా ఆపితే స్టంట్‌లోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవారు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఉప్పు ఎక్కువుండే ఎండుచేప, ఆవకాయ, అప్పడం తగ్గించక తప్పదు.