మధుమేహము - వ్యాయామశిక్షణము

నాకు మధుమేహము గలదు. ప్రతిదినము ఇన్సులిను సూది వేసికొనుచునే, సాయంకాలమున మా వీధి స్త్రీలకు వ్యాయామము నేర్పుచున్నాను. ప్రమేహరోగులకు నడకను, నూతులు త్రవ్వుటవంటి కాయకష్టమును సుశ్రుతుడే విధించెను. కాని ఇన్సులిను వాడువారికి శ్రమచే రక్తమునందలి చక్కెర మితిమీరి తగ్గుటయు గలదు.

ఒకనాడు పాఠము నడుమ నాకు చెమట పట్టి, చేతులు వణకెను. శ్రమచేతనే యని శిష్యురాండ్రు తలచిరి. వ్యాధిని దాచితిని గనుక వారి కేమి తెలియును? నా మాట తడబడుచుండగా, తన భర్తకును ఈ వ్యాధి యున్న యొక వృద్ధురాలు కనిపెట్టి చక్కెరనీళ్లు త్రాగించెను.

నాటినుండి పాఠమునకు ముందు రక్తపరీక్ష చేసికొందును. చక్కెర డెసిలీటరునకు 90 మిల్లీగ్రాములకు లోబడినచో మొదట కొంత యాహారము గొందును. నడుమ 70కి తగ్గినచో పాఠ మాపి, 15 గ్రాముల చక్కెర నీట గలిపి త్రాగి, 15 నిమిషముల పిదప మరల పరీక్షింతును. 250 దాటి, కీటోనులును గనబడిననాడు వ్యాయామము మానుదును. రాత్రియు చక్కెర తగ్గవచ్చును గాన పరుండుటకు ముందును చూచుకొందును.

చక్కెరపొట్లము నా సంచిలో నెచ్చట నున్నదో ఇప్పుడు శిష్యురాండ్రందఱికిని తెలియును. మీలో నెవరికైన ఈ వ్యాధి యున్నచో, సిగ్గుపడక తోడివారికి దెలిపియుంచుడు.